మల్సూరు నడుము చుట్టూ నేను

నేను ఒక మోకును. తాటిచెట్టు ఎక్కేవాడి నడుమును చెట్టుకు పట్టి ఉంచే తాడును. బర్రె తోలూ తాటి నారా కలిపి నన్ను పేనారు. పేనినవాడి అరచేతులు బొబ్బలెక్కాయి, పేరు మాత్రం కట్టుకున్నవాడిదే వచ్చింది. మల్సూరు మోకు అంటారు నన్ను.

నన్ను ఎవరూ దాటరు. కాలు తగిలితే కళ్లకద్దుకుంటారు. కల్లు గీసేవాళ్ల దేవుడు కాటమయ్య పండుగకు పసుపు రాసి బొట్లు పెడతారు. తాడుకు చేసే ఈ మర్యాదలో సగం తమ ఒంటికి చేసుకుని ఉంటే నాకు ఈ కథ చెప్పే పని పడేది కాదు.

మల్సూరు యాభై దాటిన గౌడు. జబ్బు సంగతి అతని పెళ్లాం సత్తెమ్మకన్నా ముందు నాకే తెలిసింది. సగం చెట్టు ఎక్కి దిగిపోవడం మొదలుపెట్టాడు. నన్ను విప్పి పొద మీద పడేసి, అటు తిరిగి నిలబడేవాడు. ఎంతసేపు నిలబడ్డా వచ్చేది సన్నటి ధార, అదీ ఆగి ఆగి. నన్ను కట్టుకుని మళ్లీ పైకి పాకేలోపే మళ్లీ తొందర.

కల్లు దించి పోసే మండువ దగ్గర అందరి ముందూ బామ్మర్ది బిక్షపతి అంటించాడు. "బావా, నీ తాటికి కింద గూడ ఒక కల్లు లొట్టి కట్టాలె. పైన కల్లు చుక్కలు, కింద నీ చుక్కలు!"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మల్సూరూ నవ్వాడు. "కల్లు తాగెటోనికి ఉచ్చ రాకపోతే పాలొస్తయారా?"

ఇదీ మావాళ్ల తెలివి. ఏది వచ్చినా కల్లు మీదికి తోసేస్తే సరి. ఒకరోజు పొద దగ్గర ఎర్రగా పడింది. నేను చూశాను, అతనూ చూశాడు. వేడి చేసిందన్నాడు. వేడికి మందేమిటి? పులియని పొద్దుటి కల్లు, చలువ. దాన్నే ఇంకో ముంత ఎక్కువ తాగాడు. వాళ్ల అన్న మూత్రం బంద్ అయ్యే చచ్చిపోయాడు. "పెద్దోనికి గూడ గిట్లనే వేడి చేసె" అని తలూపారే గానీ, ఒకే ఇంట్లో ఇద్దరికి ఎందుకు చేసిందని ఒక్క మొగాడూ అడగలేదు.

తర్వాత నడుము పట్టుకుంది. తుంటి ఎముకలో సలుపు. ఈసారి నింద నా మీద వేశారు. మోకు ఒరుస్తోందని నాకు పాత చీర చుట్టారు. తగ్గలేదు. మోకుకు దిష్టి తగిలిందని పెద్దమనుషులు తేల్చారు. కోడిని కోసి రక్తం నా మీద చల్లి, కూర వాళ్లు తిన్నారు. జబ్బు మనిషికి, మొక్కు తాడుకు! ఊళ్లో సూదులేసేవాడు నొప్పికి సూది మీద సూది పొడిచాడు. మూత్రం సంగతి అతనూ అడగలేదు.

సత్తెమ్మ ఒక్కతే పోరు పెట్టింది. "రాత్రంత లేసుడే అయితాంది నీకు. పట్నం దవాఖానకు పోదాం పా."

"పోయి ఏం చెప్పాలె? గదాన్ని పట్టుకొని చూపియ్యాల్నా? మగోణ్ణే, ఇజ్జతు లేదా నాకు?"

ఇజ్జతు! నేను పామునై ఉంటే అక్కడే కరిచేదాన్ని.

చివరికి చెట్టు మీద కాదు, చదునైన నేల మీద, నన్ను కట్టుకుంటూ ఉండగానే కాలు మడతపడి కూలిపోయాడు. అప్పుడు తీసుకుపోయారు పట్నం. నేను చిలుకకొయ్యకు వేలాడాను. తిరిగొచ్చాక పలకరించడానికి బిక్షపతి వచ్చాడు. మంచంలో మల్సూరు వింటూ ఉండగానే సత్తెమ్మ చెప్పింది.

"ప్రోస్టేట్ గ్రంథి అంట తమ్మీ. మగోళ్లకు మూత్రం సంచి కింద ఉంటదంట. దాంట్ల క్యాన్సర్ పుట్టి బొక్కలకు పాకింది. గా నొప్పి మోకుది కాదు. ఉచ్చకు తిప్పలైన ప్రతోనికి క్యాన్సరే అని కాదంట, వయసుకు గ్రంథి పెరిగినా గట్లనే అయితదంట. కొందరికి మొదట్ల ఏ గుర్తూ ఉండదంట. గందుకే రక్తం పరీక్ష చేసి చూడాలెనంట. అన్నకు ఉన్నదన్న అనుమానముంటే తమ్ముడు ఇంకా ముందుగాల పోవాలెనంట. రెండేండ్ల కింద వస్తే వేరే తీరుగ ఉంటుండె అన్నడు డాక్టరు."

బిక్షపతి లేచి గోడ వెనక్కి పోయాడు. చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత చుక్కలు. ఆగాయి. మళ్లీ చుక్కలు. మంచంలో మల్సూరు తల ఎత్తాడు.

బిక్షపతి వచ్చి నావైపు చూశాడు. "బావా, నా మోకు పోగులు లేసింది. నీది గట్టిగున్నది. నువ్వెట్లాగూ..." మిగతాది మింగేశాడు.

"ఎన్నొద్దుల సంది?"

"ఏంది?"

"గోడెనక ఇన్న. చెవులకు రాలే నాకు క్యాన్సర్."

"గదేం లేదు. జర నీళ్లెక్కువ తాగిన."

"దవాఖానకు పోయి రక్తం ఇచ్చి రా. గప్పుడు మోకు తీస్కపో."

"కల్లెవడు దించుతడు? పండుగైనంక చూద్దాం తియ్." అంటూ నన్ను కొయ్య మీంచి తీసి భుజాన వేసుకున్నాడు.

"తే ఇటు. ఒక్కసారి మొక్కుత," అన్నాడు మల్సూరు.

ఒళ్లో పెట్టించుకున్నాడు. మంచంలోని బొంత కింది నుంచి గీత కత్తి లాగి నన్ను కోయడం మొదలుపెట్టాడు. లేత గెలను గీసే కత్తికి నా తోలు ఒక పట్టాన తెగలేదు. నొప్పికి పళ్లు బిగబట్టి, చెమటలు కక్కుతూ కోశాడు.

"మోకును కోస్తవా! కాటమయ్య కండ్లు తీస్తడు బావా!"

"తియ్యనీ. నావి ఎట్లన్న మూసుకునేటియే. ఇగ ఎక్కనీకి మోకు లేదు, నువ్వు బస్సెక్కు."

ఇప్పుడు నేను రెండు ముక్కలను. ఒక ముక్కతో మేకను కట్టేస్తున్నారు, రెండోది చూరు కింద మట్టి పట్టిపోతోంది. ఎన్నో చెట్లు ఎక్కాను, నన్నెందుకు పేనారో ఆ పని తెగిన రోజే చేశాననిపిస్తుంది.

తెల్లారి బిక్షపతి బస్సెక్కాడు. బావ వంశాన్నంతా తిట్టుకుంటూ ఎక్కాడట. చూసొచ్చిన సత్తెమ్మ మంచం పక్కన కూర్చుని, తన తమ్ముడు తిట్టిన తిట్లన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పింది. మల్సూరు కళ్లు మూసుకుని విని, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడు.