ముందు నీళ్ళు ఎవరికి

మూడో గిన్నె కడిగి, చొక్కా కొసకు చేతులు తుడుచుకుని, వెర్లిన్ స్టాంపర్ జబ్బు పిల్లుల గదిలోకి వెళ్ళాడు. గోడమీది కాగితం అతనికి కనబడకపోలేదు. 'ముందు పసికూనలు. తరువాత పెద్దవి. చివర జబ్బువి.' ఎర్రసిరాతో రాసి, కింద రెండు గీతలు కొట్టింది డాక్టర్ థియా. ఆమె ఎదుట ఉన్నప్పుడు ఆ వరస పాటించేవాడు. ఉదయం ఆరింటికి ఆమె ఉండదు. రాత్రంతా జ్వరంతో పడి ఉన్నవాటికి ఆఖరున నీళ్ళు పోయడమేమిటని అతని వాదన.

అరవై రెండేళ్ళ మనిషి. బొగ్గుగనిలో వంగి వంగి నడుం అలాగే బిగుసుకుపోయింది. గని మూతపడ్డాక ఆరు నెలల కోసమని ఈ కౌంటీ జంతు శరణాలయంలో చేరి, పంతొమ్మిదేళ్ళుగా ఉండిపోయాడు. బ్లీచ్ నీళ్ళకు వేళ్ళన్నీ పగుళ్ళు. అయినా చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోడు. తల్లి లేని కూన రబ్బరు తగిలితే పాలు తాగదని అతని నమ్మకం. ఒక్కొక్కదాన్నీ ఎత్తి ఎడమ చెంపకు ఆనించుకుంటాడు. ఒళ్ళు కాలుతోందో చల్లబడుతోందో చెంపకు తెలిసినట్టు చేతికి తెలియదు. భార్య ఓపల్ పోయాక ఆ చెంపను తాకిన ప్రాణులు ఇవే.

థియా పశువైద్యం పూర్తిచేసి, ఇలాంటి శరణాలయాల్లో వైద్యం ఎలా చేయాలన్నదే పైచదువుగా చదువుతోంది. పరిశోధన కోసం ఏడాదిపాటు ఇక్కడికి వచ్చింది. ఈ నెలలో వాంతులూ విరేచనాలతో పద్నాలుగు కూనలు చచ్చిపోయాయి. ఆమె సూదిమందే కారణమని అతనంటాడు. అతని చేతులే కారణమని ఆమె అంటుంది.

ఎనిమిదింటికి ఆమె వచ్చింది.

"తొడుగులేవి?"

"జేబులో ఉన్నాయి. జేబుకి జబ్బు రాకుండా."

"మీతో చెప్పడం కంటే ఈ గోడతో చెప్పుకోవడం నయం."

"చెప్పుకో. కాగితం కూడా అంటించావుగా. నువ్వు రాకముందు పంతొమ్మిదేళ్ళు ఇక్కడ పిల్లులు బతికాయి డాక్టరమ్మా."

"బతికినవి మీకు గుర్తున్నాయి. చచ్చినవాటిని ఎవరైనా లెక్కపెట్టారా?"

 అతను తుడుపుకర్రను బకెట్లో ముంచి, ఆమె బూట్ల పక్కనే విసురుగా తడి చేశాడు. ఆమె కదల్లేదు.

మధ్యాహ్నం గోధుమరంగు కూన ఒకటి అతని అరచేతిలోనే పోయింది. తువ్వాలులో చుడుతుంటే థియా వచ్చి చేయి చాపింది.

"పరీక్షకి కావాలి."

"చచ్చాక కూడా వదలవా?"

"కోసి చూస్తేగాని ఎందుకు పోయిందో తెలియదు."

"నీవల్ల పోయింది. రాసుకో."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. మూటను అతని చేతుల్లోంచి లాక్కున్నంత పని చేసి వెళ్ళిపోయింది.

అయిదింటికి గేటు మూశారు. మిగిలిన రెండు కూనలకు వెచ్చదనం కోసం, బియ్యం పోసి మూతి ముడేసిన పాత మేజోడును వంటింటి మైక్రోవేవ్‌లో పెట్టి వెర్లిన్ మీట నొక్కాడు. అంతలో మేనేజర్ డ్వేన్ పిలిచాడు. కిటికీలు లేని పసికూనల గదిలో థియా చేతిదీపం పట్టుకుని ఉంది.

"నిన్న సాయంత్రం మీరు వెళ్ళాక, జబ్బు గదిలో ఒకే ఒక్క బోను గడియకి పొడి రాశాను. మామూలు వెలుతురులో కనబడదు, ఈ దీపానికే మెరుస్తుంది. హాని లేనిదే," అని లైట్లు ఆర్పేసింది.

ఊదారంగు వెలుగులో బోన్ల పిడులన్నీ పచ్చగా మెరిశాయి. నీళ్ళ గిన్నెలు, పాలసీసా, పక్కబట్టలు. రెండు కూనల చెవులు కూడా. దీపం వెర్లిన్ మీదకు తిరిగింది. వేళ్ళ పగుళ్ళు, చొక్కా కొస, ఎడమ చెంప.

"మధ్యాహ్నం పోయినదాని మీదా ఉందా?" అని అడిగాడు వెర్లిన్.

"ఉంది. కానీ దానికి జబ్బు తగిలింది ఇవాళ కాదు. వారం కిందట. అప్పుడు కూడా మీరు..."

"తెలిసింది. ఇక చెప్పకు."

అతను తొట్టి దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా, చెంపదాకా సబ్బుతో రుద్దుకున్నాడు. "దీపం వెయ్యి," అన్నాడు. పగుళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. మళ్ళీ రుద్దుకున్నాడు.

"నిన్నెవరూ తీసెయ్యడం లేదు వెర్లిన్. రేపట్నుంచి తొడుగులేసుకో, అంతే," అన్నాడు డ్వేన్.

వెర్లిన్ అతని వైపు చూడకుండా థియా వైపు తిరిగాడు. "నీ పరిశోధన వ్యాసంలో నా పేరు రాస్తావా?"

"రాయను. 'ఒక ఉద్యోగి' అంటాను."

"పేరే రాయి. లేకపోతే చదివిన ప్రతివాడూ అది తన సంగతి కాదనుకుంటాడు."

 వెర్లిన్ తాళాలగుత్తి తీసి, డ్వేన్ చేతికివ్వకుండా బల్లమీద పెట్టాడు. కూనలు అరుస్తున్నాయి. వాటివైపు ఒక అడుగు వేసి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, అలాగే బయటికి నడిచాడు. కాసేపటికి ట్రక్కు కదిలిన చప్పుడు వినిపించింది. మర్నాడు రాలేదు. ఆ తరువాతా రాలేదు.

అతను వెళ్ళిపోయిన ఆ సాయంత్రమే, పాలు వెచ్చబెట్టడానికని థియా వంటింట్లోకి వెళ్ళి మైక్రోవేవ్ తలుపు తీసింది. లోపల గాజుపళ్ళెం మీద బూడిదరంగు మేజోడు, మడమ దగ్గర నల్లదారం కుట్లతో, మూతికి రెండు ముళ్ళతో, ఇంకా గోరువెచ్చగా ఉంది.