ఎనిమిది వేళ్ళ లోతు

పొద్దున్నే ఆమె చేసే మొదటి పని, మూడు గోనెపట్టాలు దులిపి భుజాన వేసుకోవడం. ఒకటి నల్లమట్టికి, ఒకటి బూడిదరంగు మట్టికి, ఒకటి బంకమన్నుకి. ఆ చలికొండల అడవిలో గొయ్యి తవ్వడమంటే నేలని వరసగా విప్పడమే. పైన కుళ్ళిన ఆకుల నల్లమట్టి, పల్చగా. దాని కింద, వానలు సారమంతా కడిగేశాక మిగిలిన బూడిదరంగు పొర. ఆ కడిగిన సారమంతా దిగి పేరుకున్న ఎర్రటి బంకమన్ను అడుగున. తడిస్తే పారని వదలదు, ఎండితే పారకి లొంగదు. ఏ పొర మట్టి దాని పట్టా మీదే పోయాలి. పనయ్యాక కింది నుంచి పైకి, అదే వరసలో పూడ్చాలి. తారుమారైతే అక్కడ పదేళ్ళు మొక్క మొలవదు.

ఊళ్ళో అందరూ ఆమెని గోతులమ్మ అనేవారు. ఆమె తవ్వితే, మట్టిసారు దిగి చూసి రాసుకునేవాడు. ఆయన కొండ మొత్తం మట్టిని పరీక్ష చేసి పటం గీసే ఉద్యోగి. తడిమట్టి ముద్దని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బనులా సాగదీస్తాడు. ఎంత పొడవు సాగి తెగితే అంత బంక ఉన్నట్టు.

"ఈ మన్ను పట్టుకుంటే వదలదమ్మా," అన్నాడు ఒకసారి.

"మా అత్తగారిది ఈ ఊరే సారూ," అంది గోతులమ్మ.

ఆ మన్ను పాదముద్రల్ని కూడా వదిలేది కాదు. ఉత్తికాళ్ళతో నడిస్తే ముద్ర పైన చెరిగిపోతుంది గానీ లోపల ఉంటుంది, ఏడాదికి వేలెడు చొప్పున కిందికి దిగుతుంది. పెళ్ళ ఒడుపుగా విరిస్తే నూనె రాసినట్టు మెరుస్తూ బయటపడుతుంది. పశువు తప్పిపోయినా, సరిహద్దు తగువొచ్చినా జనం తవ్వి చూసుకునేవారు. చెప్పుల కాళ్ళని మాత్రం నేల లెక్కలోకి తీసుకునేది కాదు. తొమ్మిదేళ్ళుగా బూట్లతో తిరుగుతున్న మట్టిసారు, నేల దృష్టిలో ఆ కొండెక్కనే లేదు.

గోతులమ్మ మొగుడు దుంగలు లాగే మనిషి. నాలుగేళ్ళ కిందట వానల్లో పనికని వెళ్ళి తిరిగి రాలేదు. అదే వారం కోతమిల్లులో వంటమనిషి కూడా కనబడకుండా పోయింది. ఊరు రెండు ముక్కల్ని అతికించి చూసి నవ్వుకుంది. అత్తగారు మాత్రం ఒకటే మాట. "వాణ్ణి అడవి మింగింది. చరియ విరిగి పడుంటుంది. నా కొడుకు అలాంటివాడు కాడు."

అలాంటివాడు కాడని తల్లి కాకపోతే ఎవరంటారు? అయినా గోతులమ్మ ఆ మాట పట్టుకుని వేలాడింది. చచ్చాడంటే ఏడ్చి ఊరుకోవచ్చు. వదిలేశాడంటే తిట్టి ఊరుకోవచ్చు. రెండూ తెలియనిదానికి ఏడుపూ సగమే, తిట్టూ సగమే. నాలుగేళ్ళలో అరవై మూడు గోతులు తవ్వింది. ప్రతి గోతిలోనూ అతని ఎడమపాదం వెతికింది. దానికి చిటికెనవేలు లేదు, వెళ్ళిపోవడానికి ఏడాది ముందు గొడ్డలి జారి తెగింది. దొరక్కపోతే దిగులు. దొరుకుతుందేమోనంటే భయం.

ఆ చలికాలంలో సారు చెప్పాడు. "ఇక్కడ పని అయిపోయింది. ఎల్లుండి లారీ వస్తుంది, అవతలి కొండలకి వెళ్తున్నాం. నువ్వొస్తే నీ పని నీకుంటుంది."

"ఎలా వస్తాను సారూ? ఆయన తిరిగొస్తే తాళం చూసి పోతాడా?"

"బలవంతం చెయ్యను. ఒక్క గొయ్యి మిగిలింది. పల్లంలో కావాలి. మీ పెరట్లో తవ్వుకోవచ్చా?"

మర్నాడు పెరట్లో, వంటింటి గోడకి మూరెడు దూరంలో తవ్వింది. పల్లం కాబట్టి పైనున్న నల్లమట్టి కూడా జిగురే. నాలుగు వేళ్ళ లోతున, అంటే నాలుగేళ్ళ కిందటి మట్టిలో, ఏమీ లేదు. ఉండదని తెలిసినా మెల్లగా తవ్వింది. ఎనిమిది వేళ్ళ లోతున పెళ్ళ విరిగి, మగపాదం మెరిసింది.

"ఎనిమిదేళ్ళ నాటిది," అంది. "అప్పుడు ఈ ఇంట్లోనే ఉన్నాడుగా. పాత జాడ." ఆ పెళ్ళని పట్టా మీదికి విసరబోతూ ఆగింది. చిటికెనవేలు ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

ఎనిమిదేళ్ళ కిందట ఆ వేలు కాలికే ఉంది.

సారు గోతిలోకి దిగి, గొయ్యి గోడకి కొలబద్ద ఆనించాడు. "ఇది పల్లమమ్మా. వానవానకీ వాలు మీది మన్ను జారి ఇక్కడ పడుతుంది. పైన కొండ మీద ఏడాదికి వేలెడు దిగితే ఇక్కడ రెండు వేళ్ళు పూడుతుంది."

"అయితే ఎనిమిదంటే..."

"నాలుగు."

ఆమె పార పక్కన పెట్టి చేత్తో తవ్వింది. అతని జాడల్లో అన్నిటికన్నా పైవి, ఆఖరివి, కంచె దగ్గర మొదలై గోడ దాకా వచ్చాయి. తిరిగి వెళ్ళిన జాడ లేదు. గోడ కింద ఉన్నాడేమోనని పునాది రాళ్ళ దాకా గీకి చూసింది. అప్పుడు ఎదురుగా ఇంకో జత కనిపించింది. చిన్న పాదాలు, బొటనవేళ్ళు పక్కకి వంగి ఉన్నాయి. వంటింటి గుమ్మం నుంచి వచ్చి, అతని ముందు నిలబడి, గుమ్మంలోకి వెళ్ళిపోయాయి. రోజూ ఆమె వేణ్ణీళ్ళు పోసి కడిగే పాదాలవి.

అతను వెళ్ళిపోయిన ఏడే అటక మీది మామగారి బూట్లు మాయమైతే, ఎలుకలు ఎత్తుకుపోయాయంది అత్తగారు. ఎలుకలకి బూట్లెందుకని గోతులమ్మ నవ్వింది కూడా.

ముసలావిడ గుమ్మంలోనే నిలబడి చూస్తోంది.

"ఎలుకకి సరిపోయాయా అత్తయ్యా, బూట్లు?"

ఆవిడ గుమ్మం మీద కూర్చుంది.

"వెళ్ళిన నాలుగో రోజు వచ్చాడు. నువ్వు అవతలి గట్టున పనిలో ఉన్నావు. వాడి చెప్పులు బురద లాగేసుకుంది. ఆ వంటమనిషి కింద బండిలో ఉందన్నాడు. 'నువ్వూ రా అమ్మా' అన్నాడు. రానన్నాను. బూట్లిచ్చి పొమ్మన్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీ దారి నువ్వు చూసుకుంటావు. అడవి మింగిందంటే కనిపెట్టుకుని ఉంటావు. నాకు ఇద్దర్లో ఒకరు కావాలమ్మాయ్. వాడు మాటమీద నిలబడేవాడు కాడు. నిన్ను ఉంచుకున్నాను."

"నాలుగేళ్ళు."

"నాలుగేళ్ళే. బతికున్న కొడుకుని చంపుకుని మరీ."

గోతులమ్మకి ఆవిడని తిట్టడానికి కావలసిన మాటలన్నీ వచ్చు. అయినా వంగి, చిటికెనవేలు లేని పెళ్ళని తీసి, చెంబులో నీళ్ళు చల్లి పిసకడం మొదలుపెట్టింది. మడమ పోయింది, అరికాలు పోయింది. ముద్దని బొటనవేలితో నొక్కుతూ సాగదీసింది. రిబ్బను నాలుగు వేళ్ళ పొడవు వేలాడి, తెగింది.

"రాసుకోండి సారూ," అంది.

ఆయన రాసుకున్నాడు.

ఆమె గొయ్యి పూడ్చింది. ముందు ఎర్రమన్ను, తర్వాత బూడిదమన్ను, పైన నల్లమట్టి. ఒక్క పెళ్ళ వరస తప్పలేదు.

మర్నాటి పొద్దున లారీ వచ్చింది. మూట కట్టుకుని బయటికొస్తే, ముసలావిడ అదే గుమ్మం మీద ఉంది. నన్నూ తీసుకెళ్ళమని అడగలేదు. అడిగే ముఖం లేదని తెలుసు.

"మీ చెప్పులేవి అత్తయ్యా?"

"ఎందుకు?"

"వేసుకోండి."

"పాతవమ్మా. తెగిపోయాయి."

గోతులమ్మ మూట దించి, తాడు తీసి, ఆ వంకర బొటనవేళ్ళ చుట్టూ తిప్పి చెప్పుల్ని గట్టిగా కట్టింది. తవ్వకానికి వేసుకునే తన బూట్ల ముడులు కూడా ఇంకోసారి బిగించుకుంది.

"క్షమించావా?" అంది ముసలావిడ, తల వంచుకుని.

"లేదు. కాలు జాగ్రత్త. ఉత్తికాలు కింద పెట్టారంటే ఇక్కడే వదిలేస్తాను."

ఇద్దరూ లారీ ఎక్కారు. తర్వాత పెద్దగా మాట్లాడుకున్నది లేదు. ఒక చూరు కింద బతికారు, అంతే.

ఆ ఇంటి ముందు ఇప్పుడు ఎవరు తవ్వినా ఇద్దరు ఆడవాళ్ళు లోపలికి వెళ్ళిన జాడలు దొరుకుతాయి, వరసలు వరసలుగా. ఆఖరుసారి బయటికొచ్చిన జాడ మాత్రం దొరకదు. ఎప్పటికైనా ఆ దుంగల మనిషే తిరిగొచ్చి, పార పట్టి, మనుషులు పోయారో ఉన్నారో తెలియక గొయ్యి తర్వాత గొయ్యి తవ్వుకుంటూ పోవాల్సి రావచ్చు.

తవ్వుకోనీ. మన్ను మెత్తగానే ఉంటుంది, వానల్లో.