అగ్నిపర్వతం మీద కాలర్ మైకు

నేను ఒక కాలర్ మైకుని. చిటికెనవేలి గోరంత ప్రాణం నాది. మాట్లాడేవాళ్ల చొక్కాకో చీరకో నన్ను తగిలిస్తారు. నా తోక చివరనున్న అగ్గిపెట్టెంత డబ్బాని వాళ్ల నడుముకి కడతారు. కళ్లు లేవు, నోరు లేదు, ఉన్నదల్లా చెవే. ఆ లోటు నన్నెప్పుడూ బాధపెట్టలేదు. మనుషులు కంటికి ఒకలా, చెవికి ఒకలా ఉంటారు. చెవికి దొరికే మనిషే నాకిష్టం.

ఎక్కడో సముద్రాల అవతలి ఫ్యాక్టరీలో పుట్టాను. పుట్టగానే ఒకమ్మాయి నా మీదకి వంగి తన భాషలో అంకెలు చదివింది. నాకు వినబడుతోందని తేలాక పెట్టెలో పడుకోబెట్టి మూతేసింది. మళ్లీ మూత తెరుచుకునేసరికి హైదరాబాదు కృష్ణానగర్‌లో, సినిమా సామాన్లు అద్దెకిచ్చే దుకాణంలో ఉన్నాను. అప్పట్నుంచి నాది అద్దె బతుకే. ఎవరు తీసుకెళితే వాళ్ల గుండె పక్కన కూర్చోవడం, పనయ్యాక మళ్లీ పెట్టెలోకి చేరడం.

టీవీ చర్చలకి వెళ్లాను. ఇద్దరు నాయకులు ఒకరినొకరు చీల్చి చెండాడుకున్నారు. విరామం రాగానే, వాళ్ల పిల్లలకి ఏ కాలేజీ మంచిదో తీరిగ్గా మాట్లాడుకున్నారు. వంటల కార్యక్రమానికి వెళ్లాను. "ఆహా, అమృతం" అంటున్న యాంకరమ్మకి ఆ ముద్ద గొంతు దిగక పడిన అవస్థ నాకొక్కదానికే తెలుసు. ఒక పెళ్లిలో పంతులుగారి మంత్రాలకంటే వరుడి కడుపు ఆకలి కేకలే నాకు గట్టిగా వినబడ్డాయి. ఇన్ని గుండెల పక్కన కూర్చున్నాక నాకో అభిప్రాయం స్థిరపడింది. నేనున్నానని గుర్తున్నంతసేపూ మనుషులు నిజం చెప్పరు. నన్ను మరిచిపోయినప్పుడే వాళ్లు బాగుంటారు.

ఇలా ఉండగా కృత్తిక అనే డైరెక్టరమ్మాయి నన్ను అద్దెకి తీసుకుంది. అగ్నిపర్వతాల మీద పరిశోధన చేసే భార్యాభర్తల గురించి డాక్యుమెంటరీ తీస్తోందట. నాకు నవ్వొచ్చింది. భార్యాభర్తలూ, అగ్నిపర్వతమూ అని విడివిడిగా చెప్పడం దేనికనుకున్నాను.

ఆ దంపతులు రాజమండ్రివాళ్లు. పేర్రాజుగారు, సుభాషిణిగారు. ఇద్దరూ కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. రాజమండ్రి పక్కన క్వారీల్లోని నల్లరాయి కూడా ఒకప్పుడు పారిన లావాయేనట. వాళ్లిద్దరూ విద్యార్థులుగా కలుసుకున్నది అక్కడేనట. "మీ ప్రేమకథ చెప్పండి సార్" అంది కృత్తిక, ఎంతో ఆశగా.

"నేను తీసిన రాయి ఈవిడ లాగేసుకుందమ్మా, అంతే" అన్నారు పేర్రాజుగారు.

"లాగేసుకోవడమేంటండీ? రాయికి పేరు తప్పు రాశారు. దిద్ది ఇచ్చాను."

"తప్పేం కాదు."

"తప్పే."

ఆ రోజంతా ప్రేమకథ ఇంతకుమించి ముందుకు సాగలేదు. ఎందుకంటే అంతలోనే వాళ్ల అసలు తగవు అడ్డం వచ్చింది. అండమాన్ సముద్రంలో మనుషులెవరూ లేని ఒక ద్వీపం ఉంది. దాని మీద అగ్నిపర్వతం అప్పుడప్పుడూ మేలుకుంటూ ఉంటుంది. భూమి లోపలి నుంచి ఆ లావా ఒక్క ఊపున పైకొస్తుందని పేర్రాజుగారి వాదన. కాదు, దారిలో ఎక్కడో చాలాకాలం ఆగి మరీ వస్తుందని సుభాషిణిగారి వాదన. ఆగితే రాతిలో బియ్యపు గింజలంత తెల్లటి స్ఫటికాలు పెరుగుతాయట. అలాంటి రాయి కొత్త లావాలో ఒక్కటి దొరికితే చాలు, ఆవిడ మాట నిలుస్తుంది. లోగడ వెళ్లినప్పుడల్లా నున్నటి నల్లరాళ్లే దొరికాయి. పేర్రాజుగారు ఆ రాళ్లని తెచ్చి బీరువాలో ఆవిడ కంటికి ఎదురుగా పేర్చారు. తోటి పరిశోధకులు కూడా ఆవిడ మాటని మర్యాదగా నవ్వి వదిలేశారు. ఈ వయసులో ఆ ద్వీపానికి మళ్లీ అనుమతి రాదు. ఇదే ఆఖరి యాత్ర. ఆ రాయి దొరక్కపోతే తన జన్మంతా పట్టుకు వేలాడిన మాట వట్టి మొండితనంగా మిగిలిపోతుందని సుభాషిణిగారి బెంగ. పైకి చెప్పలేదు. కానీ ఆ ద్వీపం ఊసెత్తినప్పుడల్లా ఆవిడ గుండె నా పక్కన తడబడేది.

ఇంట్లో ఉప్పు దగ్గర్నుంచి ఉత్తరాయణం దాకా వాదించుకునే ఈ దంపతులకి కొండ మీద వాదన నిషేధం. వాళ్లకో పద్ధతుంది. ఒకరే ముందుకు వెళ్లాలి. రెండోవాళ్లు వెనక నిలబడి గాలినీ పొగనీ కనిపెట్టి ఉండాలి. వెనకున్నవాళ్లు "వెనక్కి" అంటే ముందున్నవాళ్లు మారుమాట లేకుండా తిరిగొచ్చెయ్యాలి. ఎందుకని అడగడం పడవెక్కాకే. అలా పిలుపు అందుకున్నవాళ్లు ఆ యాత్రలో మళ్లీ ముందుకు పోకూడదు. దక్కకుండా పోయినదాని మీద మనిషికి యావ పెరుగుతుందనీ, యావ పెరిగినవాళ్లు పొగని లెక్కచెయ్యరనీ ఈ ఆఖరి నియమం పెట్టింది సుభాషిణిగారే.

పడవ ద్వీపం చేరింది. మొదటిరోజు ఆవిడ వంతు. నేను ఆవిడ చొక్కా కాలర్ మీద ఉన్నాను. బూట్ల కింద లావా పెంకులు పటపటమంటున్నాయి. ఎదురుగా కొండ గురక పెడుతోంది. ఆవిడ తనలో తాను మాట్లాడుకుంటూ నడుస్తోంది. ఉన్నట్టుండి ఊపిరి బిగబట్టింది.

"తెల్లగా ఉన్నాయి... అవే... అమ్మయ్య, అవే!"

రెండడుగులు వేసిందో లేదో వెనక నుంచి కేక వినబడింది.

"వెనక్కి!"

నేను ఆ క్షణాన్ని ఎప్పటికీ మరిచిపోను. ఆవిడ తటపటాయించలేదు, అరవలేదు, ఒక్క నిట్టూర్పైనా విడవలేదు. బూట్లు గిర్రున తిరిగాయి, అంతే. కాసేపటికే వెనక పొగ దిగింది. దూరంగా ఉన్న కృత్తిక వాళ్లంతా దగ్గుతున్నారు. మొగుడూపెళ్లాలు ఒకరి మాట ఒకరు అంత తొందరగా వినడం నేనెక్కడా ఎరగను. ఇంకెవరైనా చెబితే నమ్మేదాన్నీ కాదు.

పడవెక్కాక మాత్రం ఆవిడ వదల్లేదు. "ఇంకో నిమిషం ఆగి పిలిస్తే మీ సొమ్మేం పోయేది?"

"ఇంకో నిమిషం ఆగితే నువ్వు పోయేదానివే."

"నా రాయి అక్కడే ఉంది. నా కళ్లతో చూశాను."

"రేపు నేను వెళ్తాను కదా."

ఆ రాయి దొరికితే ఓడిపోయేది ఆయనే మరి. కృత్తిక ఆవిడ పక్కన చేరి గొంతు తగ్గించింది. "ఆంటీ, సార్‌ని నమ్ముతున్నారా?"

"ఆయన వాదనని ఏనాడూ నమ్మలేదమ్మా" అన్నారు సుభాషిణిగారు. "ఆయన 'వెనక్కి' అంటే మాత్రం ఎందుకని ఏనాడూ అనుకోలేదు."

మర్నాడు నేను పేర్రాజుగారి చొక్కాకి మారాను. ఆయన ఆవిడకంటే గొడవ మనిషి. నడుస్తూ గొణుగుడు, ఆగి గొణుగుడు. "ఇదిగో, నున్నటి రాయి... నాకిది చాలు. ఇది పట్టుకెళ్లి దొరకలేదని చెబితే అడిగే నాథుడు లేడు." వంగిన చప్పుడు. రాయి చేతిలోకి వచ్చిన చప్పుడు. నా ఒళ్లు మండిపోయింది. నోరుంటే ఆ కొండకంటే గట్టిగా అరిచేదాన్ని.

తరవాత ఆ రాయి కింద పడి దొర్లిన శబ్దం. మళ్లీ అడుగులు. చాలాసేపు సుత్తి దెబ్బలు. సుత్తి ఆగింది.

"ఓసి నా తల్లీ" అన్నారాయన. ఆ గొంతు నేను అంతవరకూ వినలేదు. "నువ్వే రైటు, సుభాషిణీ. మొదట్నుంచీ నువ్వే రైటు. నిన్ను ఎంత సతాయించానే!"

పడవలో "ఇదిగో నీ రాయి" అని మాత్రం అని ఆవిడ చేతిలో పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ భూతద్దంతో చూసి, ఆయన చెయ్యి గీరుకుపోయిందని మందు రాయడం మొదలెట్టారు. అప్పుడు గుర్తొచ్చాను ఆయనకి నేను! నా మీద చెయ్యి వేసి కృత్తికని పక్కకి పిలిచారు. "ఆ కొండ మీద నేనన్న ముక్క తీసెయ్యాలమ్మా. ఇంట్లో నేను బతకొద్దూ?"

"అది తీసేస్తే సినిమాలో నాకు మిగిలేది పొగే సార్" అంది కృత్తిక. "సినిమా వేసేలోపు ఆ మాటేదో మీరే ఆంటీకి చెప్పెయ్యండి."

సరేనన్నారు గానీ ఎంతకీ చెప్పలేదు. కృత్తిక ఎప్పుడు ఫోన్‌లో అడిగినా ఆవిడ పనిలో ఉందనో, ఇంట్లో చుట్టాలున్నారనో సాకులు. రాజమండ్రిలో ప్రదర్శన రోజు రానే వచ్చింది. సినిమా అయ్యాక మాట్లాడాలని నన్ను ముందే ఆయనకి తగిలించారు. దీపాలార్పాక, ఆయన గుండె డప్పులా మోగుతుండగా, ఆవిడ వైపు వంగారు. "ఏమే, ఆ తగవులో నువ్వే రైటు."

"ఇప్పుడా చెప్పేది! ముందు బొమ్మ చూడనివ్వండి" అన్నారావిడ. ఇంకాసేపటికి తెర మీంచి అదే మాట హాలంతా మోగింది. జనం ఈలలు వేశారు. ఆవిడ నవ్వు ఎంతకీ ఆగలేదు. మధ్యలో ముక్కు ఎగబీల్చిన చప్పుడు కూడా విన్నాను.

ఆ గంధకపు గాలికీ ఉప్పుగాలికీ నా తీగ మెల్లగా పాడైపోయిందని దుకాణంవాళ్లు నన్ను వెనక్కి తీసుకోలేదు. కృత్తిక నన్ను ఆ దంపతులకే ఇచ్చేసింది. ఇప్పుడు నా క్లిప్పుతో మైక్రోస్కోపు బల్ల దగ్గర కిటికీ తెరని పట్టుకుని ఉన్నాను. ఎండ పడకుండా చూడటం నా ఉద్యోగం. నాలోంచి ఒక్క మాటా బయటికి పోదు. వినడం మాత్రం మానలేదు.

మొన్నొక ఉదయం సుభాషిణిగారు ఆ రాతిని పలచటి పొరగా కోయించి మైక్రోస్కోపు కింద పెట్టి ఒంటరిగా చూస్తున్నారు. ఆయన పెరట్లో మొక్కలకి నీళ్లు పెడుతున్నారు. ఆవిడ తనలో తాను పైకే అనుకున్నారు. "లావా దారిలో ఆగింది నిజమే. కానీ అక్కడ్నుంచి ఒక్క ఊపునే వచ్చింది. ఈయన చెప్పిందీ సగం నిజమేనన్నమాట."

గదిలో ఇంకెవరూ లేరు. ఊరంతా ఆవిడే గెలిచిందని చప్పట్లు కొట్టి వదిలేసింది. ఆ రాతి పొరని డబ్బాలో పెట్టి మూతేస్తే సరిపోయేది. కుర్చీ వెనక్కి జరిగింది. కిటికీ తెర పక్కకి తప్పుకుంది, దాంతోపాటు నేనూ.

"ఏవండీ, ఆ నీళ్లు కట్టేసి ఒకసారి ఇలా రండి. మీరు చూడాలి."