మిషన్ మీద పెట్టిన నేరం

పీజీ ఎంట్రెన్స్‌లో పూజితకు కెమిస్ట్రీలో వందకు ముప్పై ఎనిమిది మార్కులు వచ్చినప్పుడు, ఆ నేరమంతా బండల పాలిష్ మిషన్ నెత్తిన పడింది. పడేసింది పూజితే. "గా చప్పుడుల సదువెట్లొస్తదే అమ్మా?" అని ఒక్క మాట అంది. తల్లి భీమమ్మ ఆ మాటను తాండూరులో తెలిసినవాళ్లందరికీ చేరవేసింది. ఎంత రొద చేసే మిషనైనా తన మీద పడ్డ నిందకు జవాబు చెప్పుకోలేదు కదా పాపం.

వాళ్లు ఉండేది పాలిష్ యూనిట్ ఆవరణలో, పనివాళ్లకిచ్చే గదిలో. తండ్రి ఏసుదాసు పాతికేళ్లుగా ఆ మిషన్ మీదే నాపరాళ్లను నునుపు చేస్తున్నాడు. పూజిత ఆ గదిలోనే పుట్టి పెరిగింది.

ఆమె కోరుకున్నది యూనివర్సిటీ క్యాంపస్ సీటు. ఆ మార్కులకు వచ్చింది వికారాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీ. ఈ రోజు నాలుగింటిలోపు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి చేరాలి. ఒకసారి ఇచ్చాక రెండేళ్లూ అక్కడే చదవాలి. చేరకపోతే ఏడాది ఆగి మళ్లీ పరీక్ష రాయాలి. వారం రోజులుగా అడిగినవాళ్లందరికీ పూజిత "సూస్త" అనే చెబుతోంది.

పదకొండింటికి సర్టిఫికెట్ల ఫైలు చంకన పెట్టుకుని రైలుకు బయలుదేరితే, గుమ్మం ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. ఏసుదాసు దాని మీదికి మంచం ఎక్కిస్తున్నాడు.

"ఏంది నాయినా గిది?"

"యాలాల్ ఊర్ల ఇల్లు కిరాయికి దీసుకున్న బిడ్డా. ఆడ మిషన్లు లెవ్వు. మర్ల రాస్తనంటె నిమ్మలంగ సదువుకుంటవు. కాలేజీకి పోతనంటె నీ ఇష్టం."

మోకాళ్లు అరిగిపోయిన మనిషి, ఇక రోజూ అంత దూరం సైకిల్ తొక్కుకుంటూ పనికి రావాలి. పూజితకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పరీక్షకు ముందు మూడు నెలలూ పుస్తకం ఒళ్లో ఉంది, ఫోను చేతిలో ఉంది. ఆర్గానిక్ సగానికి పైగా తెరవనే లేదు.

"చప్పుడుతోని కాదు నాయినా. నేనే సదవలే. అబద్ధం జెప్పిన."

"నాకెర్కే," అన్నాడు ఏసుదాసు తాడు బిగిస్తూ.

"ఎట్లెర్క?"

"పసిపిల్లప్పటి సంది మిషన్ నడుస్తుంటె పండుకుంటవు. కరెంటు పోయి ఆగిందంటె లేసి కూసుంటవు. గిప్పటికీ అంతే."

"మరి గీ ఇల్లెందుకు?"

ఏసుదాసు తాడు వదిలాడు. "నువ్వు జెప్పిన సాకు గా చప్పుడొక్కటే. నాతోని తీసేయనీకి అయ్యేది గూడ గా చప్పుడే."

పూజిత లోపలికి వెళ్లి ఫైలు అలమారలో పెట్టి వచ్చింది. మంచం కోడు పట్టుకుంది.

"దించు నాయినా. గీడనే సదివి మర్ల రాస్త."

"వికారాబాద్ పోవా?" అంది భీమమ్మ, గిన్నెల మూటతో గుమ్మంలోకి వచ్చి.

"పోను."

"మరి అడిగినోళ్లకు ఏం జెప్పాలె?"

"నా బిడ్డ సదవలేదని జెప్పు."

భీమమ్మకు ఆ మాట బొత్తిగా నచ్చలేదు. మూట తీసుకెళ్లి దబ్బున కింద పెట్టింది.

మధ్యాహ్నం ఏసుదాసు మిషన్ వేశాడు. గోడలు అదిరాయి. పూజిత ఫోను తల్లి చేతికిచ్చి, ఆర్గానిక్ మొదటి పేజీ తెరిచింది. ఇక నేరం మోపడానికి ఆ ఇంట్లో ఆమె తప్ప ఎవరూ మిగల్లేదు.