తడి ఇసకలో అక్క అడుగులు

అక్కకు ఎడమ కాలు ఒక అంగుళం పొట్టి. రెండేళ్ల కిందట కొల్లేటి గట్టు మీద స్కూటీ జారిపడి తొడ ఎముక విరిగింది. ఏలూరులో రాడ్డు వేశారు. నడక వచ్చింది కానీ కాలు మునుపటిలా రాలేదు. ఎడమ చెప్పులో తోలు ముక్కలు దొంతరగా పెట్టి కుట్టించుకుంది. ఆ చెప్పులతో నెమ్మదిగా నడిస్తే కొత్తవాళ్లు పోల్చుకోలేరు.

ఆ కాలు వల్లే రెండు సంబంధాలు తప్పిపోయాయి. మూడో సంబంధం వాళ్లకు నాన్న కాలి సంగతి చెప్పలేదు. వాళ్లది అత్తిలి. అబ్బాయి పేరు బెంజమిన్, తాడేపల్లిగూడెంలో ల్యాబ్ టెక్నీషియన్. చూడ్డానికి మా ఇంటికి వచ్చినరోజు అక్కను ముందే కుర్చీలో కూర్చోబెట్టారు. వాళ్లు వెళ్లేదాకా లేవనివ్వలేదు. అక్కకు అతను నచ్చాడు. ఆ వారమంతా పని చేసుకుంటూ తనలో తనే నవ్వుకునేది.

ఆదివారం అతని తల్లి సలోమి గారు ఫోన్ చేశారు.

"అన్నయ్య గారూ, రెండో శనివారం పేరుపాలెం వెళ్దామండీ. సరుగుడు తోటలోంచి నడుచుకుంటూ సముద్రం దాకా వెళ్తే సరదాగా ఉంటుంది. పిల్లలూ మాట్లాడుకుంటారు."

నాన్న కాదనలేకపోయాడు. నాన్న పేరు ఎలీయాజరు, చేపల చెరువుల మీద మేస్త్రీ. ఎంత పెద్ద రైతు ముందైనా మాట తడబడని మనిషి. ఆ ఫోన్‌లో మాత్రం 'అలాగేనండీ' అనడానికే తడబడ్డాడు.

"అతనికి నేను చెప్పేస్తాను నాన్నా," అంది అక్క.

"నోరు మూసుకో. చర్చిలో పెళ్లి ప్రకటన చదివాక నిదానంగా చెప్పుకోవచ్చు."

అమ్మకు కారు ప్రయాణం పడదు. కొర్రమీను పులుసు వండి క్యారేజీ నా చేతికిచ్చి పంపింది.

రోడ్డు చివర కార్లు ఆపి అందరం సరుగుడు తోటలోకి దిగాం. సముద్రం అక్కడికి కిలోమీటరు ఉంటుంది. కింద ఎండిన ఆకులు మెత్తగా ఉన్నాయి. బెంజమిన్ నాన్న ఏసుబాబు గారు పాడిగేదెల వ్యాపారం చేస్తారు. దారంతా ఆయనే మాట్లాడారు.

"ఏవండీ మేస్త్రీ గారూ, చేప మంచిదో కాదో ఎలా చూస్తారండీ?"

"మొప్ప ఎత్తి చూస్తామండీ."

"మరి గేదెనో?"

"పాలు పిండి చూస్తారేమోనండీ."

"పాలదేముందండీ! ఆ పూటకి ఎలాగో ఇప్పిస్తారు. తడి నేల మీద నడిపించి అడుగు చూడాలండీ. అడుగు అబద్ధమాడదు."

నాన్న పెద్దగా నవ్వాడు. అది నాన్న నవ్వు కాదు.

తోట దాటి ఇసకలోకి రాగానే సలోమి గారు ఆగారు. "చెప్పులు తీసెయ్యమ్మా జ్యోత్స్నా. ఇసకలోకి వచ్చి చెప్పులతో నడుస్తారా ఎవరైనా?" అంటూ ముందు తనే తీశారు. అందరూ తీశారు. అక్క ఒక్క క్షణం నాన్న వంక చూసి, తనవి తీసి నా చేతికిచ్చింది.

పొడి ఇసకలో అడుగులు నిలవలేదు. తరువాత తడి ఇసక వచ్చింది. అక్క, బెంజమిన్ ముందు నడుస్తున్నారు. వాళ్ల వెనక నేను, నా వెనక పెద్దవాళ్లు. అక్క ఏదో చెబుతోంది, అతను తల వంచి వింటున్నాడు. కెరటాల హోరులో నాకు వినపడలేదు.

కిందికి చూశాను. అక్క కుడి అడుగు నిండుగా పడుతోంది. ఎడమ అడుగుకి వేళ్లు లోతుగా దిగుతున్నాయి, మడమ దగ్గర ఏమీ లేదు. ప్రతి అడుగూ అంతే. చిన్నపిల్లలకైనా తెలిసిపోతుంది. వెనక్కి తిరిగి చూస్తే ఏసుబాబు గారు నేల చూస్తూ నడుస్తున్నారు.

నేను నాలుగు అంగలేసి అక్క వెనకాలే చేరాను. ఆమె ఎడమ అడుగు పడిన చోటల్లా నా కాలు పెట్టి మడమతో తిప్పాను. ఒకటి, రెండు, పది. కెరటం వచ్చి చెరిపినప్పుడల్లా దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఎవరైనా పలకరిస్తే తల దించుకునే నేను ఇంత పని చేస్తున్నానని లోపల గర్వంగా కూడా అనిపించింది.

"ఏంటమ్మా, డాన్సు చేస్తున్నావా?"

సలోమి గారు నా పక్కనే ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు.

"గవ్వలండీ," అన్నాను.

"గవ్వలు ఎడమ అడుగుల్లోనే దొరుకుతున్నాయా?"

ఆవిడ నా తల నిమిరి, "మంచిపిల్లవే," అని భర్త దగ్గరికి వెళ్లిపోయారు.

భోజనాలకు మళ్లీ సరుగుడు నీడకు వచ్చాం. వాళ్లు కడుపునిండా తిన్నారు. "కొర్రమీనంటే మీ కొల్లేటిదేనండీ," అని ఏసుబాబు గారు మూడో ముక్క వేయించుకున్నారు. పులుపు ఎంత వేశారని సలోమి గారు అడిగారు. అక్క నా చెవి దగ్గరికి వంగింది.

"చెప్పేశానే. పర్లేదన్నాడు. వాళ్లమ్మతో తనే మాట్లాడతానన్నాడు."

అక్క ముఖం చూసి, అడుగులు చెరిపిన సంగతి చెప్పలేకపోయాను.

చేతులు కడుక్కున్నాక సలోమి గారు పమిటతో తుడుచుకుంటూ అన్నారు. "తినేముందు చెబితే బాగుండదని ఆగానండీ అన్నయ్య గారూ. ఈ సంబంధం మాకొద్దండీ."

"ఏమైందండీ?"

"అమ్మాయి కాలి సంగతి మాకు వారం కిందటే తెలిసిందండీ. మీరు నోరు విప్పి చెబుతారేమోనని ఇంతదూరం నడిపించాం. చెబితే సరేననుకుందామనే వచ్చాం. చెప్పకపోగా చిన్నపిల్లని పెట్టి అడుగులు చెరిపిస్తారా?"

"నేను చెరపమనలేదండీ, ప్రభువు సాక్షిగా."

"అయితే ఆ పిల్లకి కల వచ్చిందాండీ?"

నాన్న నా వైపు చూశాడు. అక్క కూడా చూసింది. తరువాత అక్క లేచి నిలబడింది. "నేను దాచలేదండీ. ఇందాకే ఆయనతో అంతా చెప్పాను."

అందరూ బెంజమిన్‌ను చూశారు. అతను కాలి వేళ్ల సందుల్లో ఇసక దులుపుకుంటున్నాడు.

"చెప్పిందేంట్రా?"

"ఏదో కాలు నొప్పంది అమ్మా," అన్నాడు తల ఎత్తకుండా.

అక్క వంగి ఎంగిలి విస్తళ్లు తీయడం మొదలుపెట్టింది.

"పోన్లెండి, మంచి పులుసు తిన్నాం," అన్నారు ఏసుబాబు గారు. మిగిలింది పారేయడం ఎందుకని సలోమి గారు తన డబ్బాలో పోసుకున్నారు. నేనే గిన్నె వంచి పోశాను.

కార్లు తోటకు అవతల ఉన్నాయి. వద్దనుకున్నవాళ్లతోనే కిలోమీటరు కలిసి నడవాలి. చెప్పులు ఇస్తే అక్క వేసుకోలేదు. ఆకుల మీద బాహాటంగా కుంటుతూ నడిచింది. నాన్న మా కోసం ఆగకుండా ముందు వెళ్లిపోయాడు.

"మెల్లగా నడవమ్మా," అన్నారు సలోమి గారు, ఎంతో ప్రేమగా. "ఇంక తొందరేముంది? ఇదిగో, నా చెయ్యి పట్టుకో."

నేను పరుగున అక్క రెండో పక్కకు వచ్చి నా చెయ్యి చాపాను.

అక్క నా చెయ్యి చూసింది. "నిన్నెవరు చెరపమన్నారే?" అని, సలోమి గారి చెయ్యి పట్టుకుంది.