కొలిచి వదిలిన చేప

పెళ్ళయిన కొత్తలో నాకు అన్నింటికీ నవ్వొచ్చేది. గుమ్మంలో మా ఆయన జున్‌మో రబ్బరు బూట్ల పక్కన నా రబ్బరు బూట్లు కనిపించినా చాలు, నవ్వే. ఇద్దరిదీ ఒకటే ఉద్యోగం. సోంగ్నే జలాశయంలో వల లాగుతాం. బంగారుతీగ చేపల్ని ఒక్కొక్కటిగా కొలతపలక మీద పడుకోబెట్టి, మూతి నుంచి తోక చివరిదాకా పొడవు చూసి, తూచి, వీపు రెక్క పక్కన చిన్న గుర్తు తగిలించి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాం. అదే చేప మరుసటేడు వలలో పడితే ఎంత పెరిగిందో తెలుస్తుంది.

మా అత్తగారికి ఈ పని ఎప్పుడూ మింగుడుపడలేదు. "పట్టిన చేపని వదిలెయ్యడానికా అంత చదివింది? పులుసు పెట్టుకోక!" అనేవారు. నన్ను 'ఆగా' అని పిలిచేవారు. మా కొరియా వాళ్ళకి కొత్త కోడలికీ, చంటిపాపకీ పిలుపు ఒకటే. ఆ పిలుపు కోసం వినపడనట్టు నటించి, రెండోసారి పిలిపించుకునేదాన్ని.

చెర్రీ పూలు రాలే రోజుల్లో ఒక పొద్దున్న ఆవిడ మా గదిలోకి పరుగున వచ్చారు.

"ఆగా! కలొచ్చిందే! ఇంత బంగారుతీగ, ఎగిరొచ్చి నా ఒళ్ళో పడింది!"

"మగదా, ఆడదా అమ్మా?" అన్నాడు జున్‌మో, పళ్ళు తోముకుంటూనే.

"ముందు ఆ నురగ ఉమ్మిరా, వెధవా. తోకతో మొహం మీద కొట్టింది, నేనేం చూస్తాను!"

"పొడవెంత అత్తయ్యా?" అన్నాను.

ఎందుకో తడబడ్డారు. "రెండు జానలు," అన్నారు.

ఇంట్లో ఎవరికైనా చేప కల వస్తే కడుపు పండినట్టేనని మావాళ్ళ నమ్మకం. ఆ వారమే పరీక్షలో తేలింది. ఆసుపత్రి తెర మీద బిడ్డ చిటికెన వేలి గోరంత. జున్‌మో ఆ పొడవుని పెన్సిల్‌తో మా కొలతపలక మీద గీసుకున్నాడు. ప్రతి చేపకీ, "ఒరేయ్, మెల్లిగా పడుకో, కింద మావాడున్నాడు," అని చెప్పేవాడు. నవ్వాపుకోలేక నా చేతిలో చేప జారిపోయేది.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కొలిచింది. మళ్ళీ కొలిచింది. తెర మీద అంకె నాకు కనిపించింది. పోయినసారి చూసిన అంకే. ఇక పెరగదని ఆవిడ చెప్పకముందే నాకు తెలిసిపోయింది. పెరగడం, పెరగకపోవడం, నా పనే అది. జున్‌మో ఇంకా తెర వంకే చూస్తున్నాడు, నవ్వుతూ.

అత్తగారు సముద్రపు నాచుతో పులుసు కాచారు. మావాళ్ళు బాలింతలకి పెట్టే పులుసు. గిన్నె నా ముందు పెట్టి, "ఆ..." అని ఆగిపోయారు. మాట పూర్తి కాలేదు. "తిను," అన్నారు. ఆ తర్వాత నన్ను ఏమనీ పిలవలేదు.

నేను మళ్ళీ పనిలోకి వెళ్ళాక, ఒక మధ్యాహ్నం ఒడ్డున చేపల్ని కొలుస్తుంటే ఆవిడ గట్టు దిగి వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"నీకు కల మొత్తం చెప్పలేదు," అన్నారు. "చేప ఒళ్ళో పడింది. నువ్వు పలక మీద కొలిచినట్టే నేను జానతో కొలిచాను. కొలిచి, వదిలేశాను. మా కోడలు ఇలాగే చేస్తుంది కదా అనుకున్నాను. కలలో వచ్చిన చేపని వదలకూడదే! పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. వదల్లేదన్నట్టు చెప్పుకుంటే వదలనట్టే అయిపోతుందనుకున్నాను."

కలకీ దీనికీ ఏ సంబంధమూ లేదని చెప్పాను. డాక్టరమ్మ మాటలన్నీ చెప్పాను. ఆవిడ వినలేదు. పలక మీద చేప మొప్పలు కొట్టుకుంటున్నాయి.

"వదిలినవి తిరిగొస్తాయా?"

అబద్ధం నాలుక దాకా వచ్చింది. "కొన్నొస్తాయి అత్తయ్యా. చాలావరకు రావు."

ఆవిడ తల ఊపారు. చేపని ఎత్తి ఆవిడ చేతుల్లో పెట్టాను. అది పడుకున్న చోట పలక మీద పెన్సిల్ గీత అలాగే ఉంది. ఆవిడ వంగి చేతులు నీళ్ళలో ముంచారు గానీ, వేళ్ళు విప్పలేదు.

"నావల్ల కాదే, ఆగా."

ఈసారి వినపడనట్టు నటించలేదు. నా చేతులు నీళ్ళలోకి దించి, ఆవిడ వేళ్ళని ఒక్కొక్కటే విప్పాను.