ఒక జిల్లా అడిగిన సందేహం

మా పెదనాన్న జిల్లా విద్యాధికారి. జిల్లాలోని బడులన్నిటికీ ఆయనే పెద్ద. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. అంత పెద్దయినా ఆయనకు సోమవారం అంటే భయం. సోమవారం పొద్దున్నే రాష్ట్ర విద్యాశాఖ నుంచి అన్ని జిల్లాల అధికారులకూ సర్క్యులర్ వస్తుంది. అందులో కొత్త నియమాలు, పాత నియమాల మీద వివరణలు, చివర జిల్లాల పట్టిక ఉంటాయి. పని పూర్తయిన జిల్లా పచ్చరంగులో, కాని జిల్లా ఎర్రరంగులో ఉంటుంది. పెదనాన్న కళ్లజోడు తుడుచుకుని ముందు పట్టిక చూస్తాడు. ఆ తర్వాతే టీ తాగుతాడు.

ఆ ఏడాది బడులు తెరిచిన కొత్తలో వచ్చిన సర్క్యులర్‌లో ‘నిమిషం మాట’ అనే కార్యక్రమం ఉంది. అర్ధ సంవత్సరం పరీక్షల్లోపు ప్రతి విద్యార్థీ తన తరగతి ముందు నిలబడి, నచ్చిన విషయం మీద ఒక నిమిషం మాట్లాడాలి. పిల్లల్లో బెరుకు పోగొట్టడం దీని ఉద్దేశమని రాశారు. అది వినగానే నాకు బెరుకు పట్టుకుంది.

నేను మూగదాన్ని కాను. ఇంట్లో అవసరమైతే మాట్లాడతాను. అవసరం తక్కువ. నలుగురు ఒక్కసారిగా నావైపు చూస్తే మాత్రం గొంతులో ఎవరో తలుపు వేసి గడియ పెట్టినట్టు ఉంటుంది. నానమ్మ నన్ను ‘బెల్లం కొట్టిన రాయి’ అంటుంది. మా ఊరి బడిలో ఆ పేరు పొడుగైపోయిందని ‘రాయి’ అని కుదించారు. హాజరు పిలిచినప్పుడు నేను పలకను, చెయ్యెత్తుతాను. మా టీచరు దానికి అలవాటు పడిపోయింది.

మా తరగతిలో అందరూ మాట్లాడేశారు. ఒకడు తన మేక గురించి మొదలుపెట్టి గంట కొట్టినా ఆపలేదు. నా వంతు వచ్చింది. వెళ్లి నిలబడ్డాను. బల్ల మీది డస్టరును చూశాను. అందరూ నన్ను చూశారు. నిమిషం అయిపోయింది. టీచరు నా పేరు పక్కన ‘తరువాత’ అని రాసుకుంది.

కొన్ని వారాలకు జిల్లాలన్నీ పచ్చబడ్డాయి. మాది ఒక్కటే ఎర్రగా ఉంది. మా జిల్లాలో ఒక్క విద్యార్థి మిగిలింది. అది నేను.

పెదనాన్న ఆఫీసు సూపరింటెండెంటు ఇంటికి ఫోన్ చేశాడు. “ఒక్క పిల్లే కదా సార్. అయిందని వేసేద్దాం.”

“అయిందా?” అన్నాడు పెదనాన్న.

“అయినట్టే సార్.”

“అయినట్టు వేరు, అవడం వేరు,” అని ఫోన్ పెట్టేశాడు.

ఎర్రరంగులో మిగిలిపోయిన జిల్లా అధికారి రాజధానికి వెళ్లి కమిషనరు ముందు నిలబడి సంజాయిషీ ఇచ్చుకోవాలి. పెదనాన్న తన ఉద్యోగంలో ఇంతవరకూ ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. వచ్చే ఏడాది రిటైరవుతాడు. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు. నానమ్మ చెప్పింది, రోజూ చెప్పింది.

“ఒరే, అది నోరు తెరిచిందని రాసెయ్యరా. పొద్దున ఆవులించింది, నేను చూశాను.”

“ఆవులింత మాట కాదమ్మా.”

“ఎవరన్నారు? ఆ సర్క్యులర్‌లో ఉందా?”

పెదనాన్న నిజంగానే సర్క్యులర్ తీసి చూశాడు.

తర్వాత నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. “కాగితం మీద రాసుకుని, చూసి చదువుతావా అమ్మా?” అన్నాడు. కాగితం అడ్డం పెట్టుకుంటే ఎవరూ కనపడరు. తలూపాను. ఆయన ముఖం విప్పారింది. కాసేపటికి ముడుచుకుపోయింది. చూసి చదవచ్చో లేదో సర్క్యులర్‌లో లేదు.

శుక్రవారం శుక్రవారం కమిషనరుతో జిల్లా అధికారులకు వీడియో కాన్ఫరెన్సు ఉంటుంది. అక్కడ ఎవరైనా సందేహం అడిగితే జవాబు సోమవారం సర్క్యులర్‌లో వస్తుంది, అడిగిన జిల్లాకే కాదు, అన్ని జిల్లాలకూ. అందుకే అక్కడ ఎవరూ ఏమీ అడగరు. పెదనాన్న అడిగాడు. సోమవారం వచ్చింది:

‘ఒక జిల్లా లేవనెత్తిన సందేహం మేరకు వివరణ: కాగితం చూసి చదవడం మాట్లాడటం కిందికి రాదు. ఇప్పటికే అలా చదివినవారు మళ్లీ మాట్లాడాలి.’

బోర్డు వైపు తిరిగి మాట్లాడగలనేమో అనిపించింది. పెదనాన్నకు చెప్పాను. ఆయన శుక్రవారం అడిగాడు. ‘ఒక జిల్లా లేవనెత్తిన సందేహం మేరకు వివరణ: విద్యార్థి ముఖం శ్రోతల వైపే ఉండాలి.’ తలుపు వెనక నిలబడితేనో? ‘విద్యార్థి శ్రోతలకు పూర్తిగా కనపడాలి.’

ఆ తర్వాత నుంచి ఆయన చెయ్యెత్తగానే తెర మీది చిన్న చిన్న గళ్లలో మిగతా అధికారులంతా ఒకేసారి నుదురు పట్టుకునేవారట. పెదనాన్నే చెప్పాడు. వాళ్లకి తలనొప్పులు ఎక్కువగా ఉన్నాయని ఆయన అనుకున్నాడు.

ఒకరోజు మేం భోజనానికి కూర్చున్నప్పుడు అత్త ఫోన్ చేసింది. అత్త పెదనాన్నకు, మా నాన్నకు చెల్లెలు. వేరే జిల్లాలో ఉంటుంది. నానమ్మకు సరిగా వినపడదు కాబట్టి ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

“అమ్మా, బుడ్డి మూడు రోజులుగా బడికి పోవట్లేదు,” అంది అత్త. బుడ్డి అత్త చిన్నకూతురు, మూడో తరగతి. దానికి నత్తి. “నిమిషం మాటేదో పెట్టారుగా, కాగితం చూసి చక్కగా చదివేసిందమ్మా. చూసి చదివితే దానికి నత్తి రాదు. ఇంటికొచ్చి గెంతులే గెంతులు. ఇప్పుడేమో అది చెల్లదట, చూడకుండా మళ్లీ చెప్పాలట! మంచం కింద దూరి రానంటే రానంటోంది. ఎవడో పనీపాటా లేని ఆఫీసరు అడిగాడట అమ్మా. వాడి నోరు పడిపోను! వాడింట్లో పిల్లల్లేరా?”

నానమ్మ పెదనాన్న వైపు చూసింది. పెదనాన్న ఫోన్ వైపు వంగాడు.

“ఉంది. ఒకతి ఉంది. దానికోసమే అడిగాను.”



“అన్నయ్యా, నువ్వా?”

“నేనే.”

“భోంచేశావా?”

“చేస్తున్నానమ్మా.”

“సరే, చెయ్యి,” అని అత్త పెట్టేసింది.

పెదనాన్న ముద్ద నోట్లో పెట్టుకోలేదు. నేను బుడ్డి గురించి ఆలోచించాను. మంచం కింద ఎలా ఉంటుందో నాకు తెలుసు. అక్కడి నుంచి అందరూ పాదాలుగానే కనిపిస్తారు. పాదాలతో మనకు ఏ ఇబ్బందీ ఉండదు.

ఆ శుక్రవారం సాయంత్రం ఆఫీసులో నెట్ పోయిందని పెదనాన్న ఇంటి దగ్గరే కాన్ఫరెన్సుకు కూర్చున్నాడు. పైన ఇస్త్రీ చొక్కా, కింద పాత పైజామా. నన్ను మంచినీళ్లు తెమ్మన్నాడు. గ్లాసు తీసుకుని వెళ్లేసరికి బల్ల మీద ఆయన రాసుకున్న సందేహం ఉంది. ‘బెరుకు, నత్తి ఉన్న పిల్లలకు మినహాయింపు ఉందా?’

బుడ్డి కోసం అడగబోతున్నాడు. జవాబు నాకు అప్పుడే తెలిసిపోయింది. సోమవారం వస్తుంది: మినహాయింపు లేదు. ఇప్పటిదాకా అలాగని ఎవరూ రాయలేదు కాబట్టి, బుడ్డి టీచరుకు మనసొస్తే చూసీ చూడనట్టు వదిలేయొచ్చు. రాశాక వదలడానికి ఉండదు.

పెదనాన్న చెయ్యెత్తాడు. గళ్లలో అందరూ నుదురు పట్టుకున్నారు.

“మళ్లీ మీరేనా? చెప్పండి,” అంది కమిషనరు మేడమ్. మైకు దగ్గర పచ్చదీపం వెలిగింది. అది ఆరేదాకా ఆగితే ఆయన అడిగేసి ఉంటాడు.

“పెదనాన్నా, అడక్కు,” అన్నాను.

అంతటితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఆయన నావైపు తిరిగి, “ఎందుకమ్మా?” అన్నాడు.

“నువ్వడిగితే వాళ్లు వద్దంటారు. వద్దనడం తేలిక కదా. అడగనంతసేపూ ఎవరో ఒకళ్లు సర్దుకుంటారు. మా టీచరు చూడు, హాజరుకి నేను చెయ్యెత్తితే చాలంటుంది. అది ఏ సర్క్యులర్‌లోనూ లేదు. దాని గురించి కూడా అడిగావంటే అదీ పోతుంది. బుడ్డికి కాగితం ఉంటే నత్తి రాదు. నువ్వు నాకోసం అడిగావు, దాని కాగితం లాగేసుకున్నారు. నాకేమో మాట రానేలేదు. ఇంకా ఎన్ని ఇళ్లలో ఎంతమంది మంచాల కింద దూరారో మనకేం తెలుసు? వాళ్లందరూ నావల్లే దూరారు. నేనెవరో కూడా వాళ్లకి తెలీదు. నీకు ఎర్రరంగు వస్తే రానీ. సంజాయిషీకి నేనూ నీతో వస్తాను. అక్కడ మాట్లాడలేను కానీ పక్కన నిలబడతాను. ఆ కాగితం మాత్రం మడిచి జేబులో పెట్టేసుకో పెదనాన్నా.”

పెదనాన్న కాగితం మడిచాడు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు తెర వైపు చూశాను. గళ్లలో అందరూ నన్నే చూస్తున్నారు. నుదుటి మీద ఒక్క చెయ్యి కూడా లేదు.

“ఎవరా అమ్మాయి?” అంది కమిషనరు.

“మా తమ్ముడి కూతురండీ. మా జిల్లాలో మిగిలిపోయిన విద్యార్థి.”

“నిమిషం దాటింది మేడమ్,” అన్నారు ఏదో గడిలోంచి ఎవరో.

“అయితే మీ జిల్లా పూర్తయినట్టే కదా,” అంది కమిషనరు.

ఇంకొకరైతే దండం పెట్టి కూర్చునేవారు. “మేడమ్, ఒక సందేహం,” అన్నాడు పెదనాన్న. చేతులన్నీ మళ్లీ నుదుళ్ల మీదికి వెళ్లాయి. “ఇది తరగతి గది కాదు. విన్నది తోటి విద్యార్థులు కాదు, జిల్లా అధికారులు. ఇది చెల్లుతుందా?”

కమిషనరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“చెల్లుతుందని చెప్పవమ్మా, నీకు పుణ్యముంటుంది!” అని వంటింట్లోంచి నానమ్మ అరిచింది. మైకు ఇంకా వెలుగుతూనే ఉంది.

“సోమవారం చూసుకోండి,” అంది కమిషనరు.

నేను లోపలికి వెళ్లి మంచం కింద దూరాను. కాసేపటికి పెదనాన్న పాదాలు వచ్చి మంచం పక్కన ఆగాయి. మంచినీళ్ల గ్లాసు నా చేతికి అందేలా నేల మీద పెట్టి వెళ్లిపోయాయి.

సోమవారం సర్క్యులర్ వచ్చింది. పెదనాన్న పైకే చదివాడు.

‘ఒక జిల్లాలో వినిపించిన మాట మేరకు వివరణ: నిమిషం మాట మీద ఇంతకుముందు ఇచ్చిన వివరణలన్నీ రద్దు. విద్యార్థి తనకు చెప్పాలనిపించింది ఎవరికైనా, ఎక్కడైనా, ఎలాగైనా చెబితే చాలు. మిగతాది టీచరు చూసుకుంటారు.’

చివర పట్టికలో మా జిల్లా పచ్చగా ఉంది. పెదనాన్న దాన్ని చూసి టీ తాగాడు. సాయంత్రం అత్త ఫోన్ చేసింది. బుడ్డి మంచం కింది నుంచి వచ్చిందట, కాగితం పట్టుకుని బడికి పోయిందట. “అన్నయ్యని ఇంకేమీ అడగొద్దని చెప్పమ్మా,” అని మాత్రం మూడుసార్లు చెప్పింది.

పెదనాన్న సర్క్యులర్ మళ్లీ చదివాడు. ఒకచోట వేలు పెట్టి ఆగాడు. కలం తీశాడు.

“‘చెప్పాలనిపించింది’ అని రాశారు,” అన్నాడు. “అనిపించిందని ఎవరు ధ్రువీకరించాలి?”

“పెదనాన్నా,” అన్నాను.

ఆయన కలానికి మూత పెట్టాడు.